గోధుమ తగలని చక్రం బిస్కెట్టు

మా నాయనమ్మకు గోధుమ పడదని గుంటూరులో పెద్ద డాక్టరు తేల్చి చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. నరసరావుపేటలో మాది అన్నం తినే ఇల్లు. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో చుట్టాలొస్తే వాళ్ళ కోసం మళ్ళీ అన్నం. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పదార్థం ఉంటుందని, అది ఆవిడ పేగులకు సరిపడటం లేదని, ఏడాదిగా ఆవిడ కడుపునొప్పితో చిక్కిపోవడానికి అదే కారణమని డాక్టరు వివరించారు. గోధుమ మానేస్తే కండ పడుతుందన్నారు.

నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. కాబట్టి మానవలసిన వాటి జాబితా రాసే పని నాకు పడింది. చపాతీ, పూరీ, ఉప్మా, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్టు. నాయనమ్మను కూర్చోబెట్టి చదివి వినిపించాను.

"చపాతీ మానేస్తాలే," అంది. "పూరీ నూనె పీల్చిద్ది, అదీ వద్దు. ఉప్మా నా పెళ్ళిలో పెట్టినా నేను తిన్లా. సేమ్యా చూస్తే వానపాములు గుర్తొస్తయ్. బ్రెడ్డు జరమొచ్చినోళ్ళ తిండి." అక్కడ ఆగింది. "బిస్కెట్టెందుకు రాశావురా?"

"మైదాతో చేస్తారు నాయనమ్మా. మైదా అంటే గోధుమే."

"కొట్టెయ్."

"నేను కొట్టేస్తే నీ కడుపు ఊరుకోదు కదా."

"నా కడుపు సంగతి నేను చూసుకుంటా. నువ్వు కొట్టెయ్."

ఇక్కడ ఆ బిస్కెట్టు గురించి చెప్పాలి. మా పక్కిల్లు బేకరీ నడిపే సాయిబుగారిది. ఇంటివెనక బట్టీ, ఇంటిముందు కొట్టు. కొట్లో గాజు సీసాలు వరసగా ఉండేవి. ఉప్పు బిస్కెట్లు, కొబ్బరి బిస్కెట్లు, రస్కులు, చివరి సీసాలో చక్రాల బిస్కెట్లు. గులాబీ రంగు పిండి, పసుపు రంగు పిండి కలిపి చాపలా చుట్టి కోస్తే మధ్యలో నుంచి అంచు దాకా సుడి తిరిగినట్టు కనిపిస్తుందే, అవి. రోజూ సాయంత్రం బేకరీ ఆయన భార్య, మేమంతా పిన్ని అని పిలిచేవాళ్ళం, ఒక చక్రం బిస్కెట్టు పొట్లం కట్టుకుని మా అరుగు మీదకు వచ్చేది. నాయనమ్మ గ్లాసు టీలో దాన్ని ముంచి, సుడి విప్పుతున్నట్టుగా అంచు నుంచి మధ్యకు కొరుక్కుంటూ, రోడ్డు మీద పోయే ప్రతి మనిషినీ ఆపి విచారణ చేసేది. మాచర్ల బస్సు దిగినవాళ్ళు కూడా ముందు మా అరుగు దగ్గర హాజరు వేయించుకుని ఇళ్ళకు పోయేవారు.

అమ్మ పిన్నికి చెప్పి బిస్కెట్టు ఆపించిన మర్నాడే నాయనమ్మ టీ మానేసింది.

"బిస్కెట్టు లేని టీ ఏం టీ అది? తాళాల్లేని భజన," అని లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. టీ లేక తలనొప్పి, తలనొప్పికి అన్నం సహించక సగంలో చెయ్యి కడగడం. కండ పట్టాల్సిన మనిషి ఇంకా తగ్గింది. దానికి తోడు, కడుపు జబ్బు మొదలైన దగ్గర్నుంచి అమ్మ ఆవిడకు వేరే వంట చేస్తోంది. కారం వేయని పప్పు, తాలింపు లేని చారు, మజ్జిగ. అరుగు ఖాళీ అయింది. కూరలమ్మే మనిషి గంపతో ఆగి, "ముసలమ్మేదండీ? బాగానే ఉందా?" అని గొంతు తగ్గించి అడిగేసరికి అమ్మకు భయం వేసింది.

"ఒరేయ్, నువ్వేగా చదువుకుంది. మిషన్లు చేసేవాడివి బిస్కెట్టు చెయ్యలేవా? గోధుమ లేకుండా ఆ చక్రమేదో చేసి ఆమెను అరుగెక్కించు," అంది నాతో.

అది నాకు సవాలులా వినిపించింది. నిజానికి అమ్మ విసుక్కుంది, అంతే. కానీ నిరుద్యోగికి విసుగుకీ సవాలుకీ తేడా తెలియదు.

మొదటి ఆలోచన సులువైనదే. మా ఊళ్ళో అప్పట్లో పండక్కో పెళ్ళికో ఇంట్లోంచి పిండి, పంచదార, నెయ్యి పట్టుకెళ్ళి బేకరీలో ఇస్తే, వాళ్ళు కలిపి బట్టీలో కాల్చి ఇచ్చేవారు. వరిపిండి ఇచ్చి చేయిద్దామనుకుని పిన్నిని అడిగాను. ఆమె నన్ను బట్టీ దగ్గరకు తీసుకెళ్ళి చూపించింది. బల్ల మీద మైదా, రేకుల మీద మైదా, గోడ మీది కేలండరు మీద మైదా.

"మా పిల్లిని దులిపినా దోసెడు మైదా రాలిద్ది బాబూ," అంది. "పెద్దమ్మకి ఇక్కడ చేసింది పెట్టి నేను పాపం మూటగట్టుకోను. ఇంట్లో చేసుకో. ఎట్టా చుట్టాలో చెప్తా."

ఇంట్లో చేయడానికి కావలసింది బట్టీ. పెద్ద అల్యూమినియం డేగిసా, అడుగున వేలెడు మందాన ఇసుక, ఇసుక మీద ముక్కాలి స్టాండు, దాని మీద పళ్ళెం, పైన మూత, మూత మీద నిప్పులు. కింద కిరసనాయిలు స్టవ్వు. ఇసుక ఎదురింటి వాళ్ళు ఇల్లు కడుతూ పోసుకున్న కుప్పలోంచి అడిగి తెచ్చి, జల్లించి, కడిగి, ఎండబెట్టాను. థర్మామీటరు లేదు. పళ్ళెంలో తెల్ల కాగితం ముక్క వేసి, అది లేత గోధుమరంగుకు మారితే వేడి సరిపోయినట్టు, నల్లబడితే ఎక్కువైనట్టు లెక్క పెట్టుకున్నాను.

నాయనమ్మ గదిలోంచే అడిగింది. "ఏమే, వాడు వంటింట్లో ఇసుకేస్తున్నాడేంది? గోడ కడతాడా?"

"మీకు బిస్కెట్లంట అత్తయ్యా."

"ఇసకతోనా?"

మొదటి విడతకు అమ్మ బియ్యం నానబోసి, ఆరబెట్టి, రోట్లో దంచి పిండి చేసింది. సగం పిండిలో బీట్రూట్ రసం, సగంలో పసుపు. పొంగడానికి రెండింట్లోనూ వంటసోడా వేశాను. వేసిన వెంటనే పసుపు పిండి ఎర్రగా మారిపోయింది. పసుపులో క్షారం పడితే ఎరుపవుతుందని నేను ప్రయోగశాలలో చేసి మార్కులు తెచ్చుకున్న విషయమే. వంటింట్లో అది పనిచేస్తుందని మాత్రం తట్టలేదు. రెండు రంగుల చక్రం బదులు ఎరుపులో ఎరుపు చక్రం వచ్చింది. అంటే చక్రం కనపడలేదు.

పైగా చుట్టబోతే పిండి ఎక్కడికక్కడ బీటలు వారింది. గోధుమపిండిని పట్టి ఉంచేది ఆ గ్లూటెనే. అది లేని పిండికి ఐకమత్యం ఉండదు. ఎలాగో ముద్దలు చేసి కాల్చి, ఒకటి టీతో పాటు నాయనమ్మ మంచం దగ్గరకు పట్టుకెళ్ళాను. ఆవిడ అనుమానంగా తీసుకుని, టీలో ముంచి, పైకెత్తింది. వేళ్ళు మాత్రమే పైకి వచ్చాయి.

"ఏదిరా?"

"గ్లాసులో ఉంది."

గ్లాసులోకి తొంగి చూసింది. "నేనడిగింది బిస్కెట్టు. జావ కాదు."

కాబట్టి సరిచేయవలసినవి రెండు. పసుపు పిండిలో సోడా వేయకూడదు, అది తేలిక. పిండి అతుక్కోవాలి, అది కష్టం. నేను రెండు రోజులు దాని గురించే ఆలోచించి, చివరికి నా డ్రాయింగు సామాను పెట్టెలో జవాబు కనుక్కున్నాను. కాగితాలు అంటించడానికి మేం వాడిన జిగురు తుమ్మబంక. తుమ్మచెట్లకు మా పల్నాడులో కరువు లేదు. బాలింతలకు తుమ్మబంక వేయించి పెట్టడం కూడా ఉంది కాబట్టి తినదగినదే. నానబెట్టి, వడగట్టి పిండిలో కలిపితే పిండి సాగింది. అదే పెట్టెలో ట్రేసింగ్ పేపరు కూడా దొరికింది. దానికి వెన్న రాసి, మీద పిండి పరిచి, కాగితంతో సహా లేపుతూ చుడితే బీటలు లేవు. కోయడానికి కత్తి వాడితే చక్రం నలిగిపోతోంది. పిన్ని మల్లెపూలు కట్టే దారం ఇచ్చింది. చుట్ట కింద నుంచి దారం పోనిచ్చి రెండు కొసలూ లాగితే ముక్క గుండ్రంగా తెగింది.

"కాయితాలంటించే బంక నా కడుపులో పోస్తావంట్రా?" అని లోపలి నుంచి నాయనమ్మ.

"బాలింతలు తింటారుగా నాయనమ్మా."

"నేను కన్నది యాభై ఏళ్ళ కిందట!"

ఆ మాట అంటూ గుమ్మం దాకా వచ్చి చూసింది. చాలా రోజులకు ఆవిడ తనంతట తాను మంచం దిగడం అదే. పలకమీద దారంతో కోసిన పచ్చి చక్రాలు, పసుపులో గులాబీ సుడి, వరసగా ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తాకి చూసి వెళ్ళిపోయింది. కానీ అవి ప్రయోగానికి చేసిన గుప్పెడు పిండివి. పెద్ద విడతకు పిండి లేదు. అమ్మ రోకలి గోడకు ఆనించి, "నా భుజాలు పోయినయ్. ఇంక మరకి పోయి ఆడించుకో," అని చెప్పేసింది.

పిండిమర దగ్గర అసలు కథ ఉంది.

మరలో ఒకరి పిండి ఆడిన తర్వాత ఆ రాతిలో కొంత మిగిలిపోయి, తర్వాతి వాళ్ళ పిండిలో కలుస్తుంది. అందరికీ తెలిసిందే, ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకోవాలి. నా ముందు వరసలో ఒకావిడ గోధుమల డబ్బాతో నిలబడి ఉంది. నేను మరాయన దగ్గరకు వెళ్ళి, నా బియ్యం గోధుమ తగలని రాతి మీద ఆడాలని, అందుకు వైద్యపరమైన కారణం ఉందని, గ్లూటెన్ అంటే ఏమిటో, అది చిటికెడు కలిసినా ఏమవుతుందో చెప్పాను. ఆయన మర ఆపి మరీ విన్నాడు. చాలా శ్రద్ధ గల మనిషి.

"ఈ రాయి మీద అన్నీ ఆడతాం బాబూ. గోధుమలు, జొన్నలు, శనగలు. దీన్ని కడిగినా నీకు మాటియ్యలేను," అని, పక్క గదిలోకి చెయ్యి చూపించాడు. "గోధుమ తగలని రాయంటే అదే. దాని మీద గోధుమ గింజ పడితే నా చెయ్యి నరుక్కుంటా."

అది కారం ఆడే రాయి.

నేను దాన్ని అన్ని కోణాల నుంచీ పరిశీలించాను. కావలసింది: గోధుమ లేకపోవడం. ఆ రాతి మీద గోధుమ ఉందా? లేదు. ఎప్పుడైనా ఉండేదా? లేదు. ఇక ఆలోచించవలసింది ఏముంది?

"ఘాటు ఉంటదేమో?" అన్నాడు ఆయన.

"ముందు నూకలు ఆడించి పారబోస్తే రాతిలో మిగిలిన కారం నూకలతో పోతుంది. తర్వాత బియ్యం పోస్తే, మిగిలిన దాంట్లో మిగిలినదే ఉంటుంది," అన్నాను.

"అదీ నిజమే," అన్నాడు ఆయన గౌరవంగా.

అది మిరప కల్లాల కాలం. ఆ గది గోడలే ఎర్రగా ఉన్నాయి. నూకలు ఆడించాం, ఎర్రగా వచ్చాయి, పారబోశాం. బియ్యం ఆడించాం. ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. పిండి చాలా లేత గులాబీ రంగులో వచ్చింది. బీట్రూట్ ఖర్చు కలిసొచ్చిందని నేను సంతోషించాను. వాసన చూశాను. ఏమీ రాలేదు. కారం గదిలో నిలబడ్డాక ముక్కు పనిచేయదన్న సంగతి నా పరిశీలనలోకి రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మ పిండి పిసుకుతూ తుమ్మింది. మళ్ళీ తుమ్మింది.

"ఏందిరా ఈ పిండి?"

"స్టవ్వు పొగమ్మా. ఒత్తి సరిచేస్తాను," అని ఒత్తి సరిచేశాను.

పంచదార, వెన్న, బంక, రంగులు. పరిచాను, చుట్టాను, కోశాను. కాగితం ముక్క లేత రంగుకు వచ్చాక పళ్ళెం పెట్టాను. డేగిసా మూత తీసినప్పుడు అమ్మ కూడా పిలవకుండానే వచ్చి చూసింది. సుడి అంచు దాకా తిరిగి ఉంది. ఎక్కడా చెరగలేదు. పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "మా సీసాలోయి కూడా ఇంత గుండ్రంగా ఉండవు," అంది. ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేను అంత గర్వపడలేదు.

నాయనమ్మ ఒక షరతు పెట్టింది.

"అరుగు మీదకొస్తా. అందరి ముందు ముంచుతా. మళ్ళీ గ్లాసులో మునిగిందో, ఇంక నన్ను టీ తాగమని, అరుగెక్కమని ఎవరూ అనకూడదు. నా మానాన నన్ను వదిలెయ్యాల."

అమ్మ నా వైపు చూసింది. నేను బంక మీద నమ్మకంతో ఒప్పుకున్నాను.

సాయంత్రం అరుగు మీద చాప వేశాం. ఒక పక్క నాయనమ్మ, ఒక పక్క పిన్ని, గుమ్మంలో అమ్మ, పళ్ళెంతో నేను. కూరలమ్మే మనిషి గంప దించుకుని నిలబడిపోయింది. నాయనమ్మ చక్రం తీసుకుంది. టీలో ముంచింది. కావాలనే అలాగే పట్టుకుని, నా ముఖం చూస్తూ కూర్చుంది. తర్వాత పైకెత్తింది.

బిస్కెట్టు ఉంది. టీ కారుతోంది కానీ సుడి చెక్కుచెదరలేదు.

"నిలబడిందే!" అంది పిన్ని.

నాయనమ్మ అంచు కొరికింది. నమిలింది. నమలడం ఆపింది. ఆవిడ ముఖం నెమ్మదిగా బిస్కెట్టు రంగుకు వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముక్కు కారింది. ఆవిడ ఉద్వేగపడిందని నేను అనుకున్నాను. ఆ సమయంలో పిన్ని కూడా ఒకటి కొరికింది.

"యా అల్లా! ఏం పోశావు బాబూ దీంట్లో?" అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచి, మా నీళ్ళ బిందె వైపు పరుగెత్తింది.

నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. మొదట పంచదార. తర్వాత వెన్న. తర్వాత పల్నాడు.

"నేను పిసికేటప్పుడే తుమ్మా! ఈడు పొగన్నాడు!" అని అమ్మ అరిచింది. "ఎక్కడ ఆడించావురా?"

"గోధుమ తగలని రాతి మీద," అన్నాను. "కారం రాయి. నూకలు ఆడించాం ముందు..."

"కారం రాతి మీద బిస్కెట్టు పిండా! అత్తయ్యా, ఊసెయ్యండి, ఊసెయ్యండి. మీకు కారం పడదు."

నేను పళ్ళెం వెనక్కి తీసుకోబోయాను. నాయనమ్మ నా చేతి మీద ఒక్కటి వేసింది.

"పెట్టక్కడ."

కొంగుతో ముక్కు తుడుచుకుంది. టీ ఒక గుక్క తాగింది. మిగిలిన సగం ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. మింగింది. అప్పుడు కళ్ళు తెరిచి నన్ను అడిగింది.

"డాక్టరు మానమన్నవి ఏందిరా? మళ్ళీ చెప్పు."

"చపాతీ, పూరీ, ఉప్మా, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్టు."

"కారం ఉందా అందులో?"

ఉందా అని నేను ఇంకోసారి మనసులో చూసుకున్నాను. "లేదు."

"లేదు," అంది నాయనమ్మ, అమ్మ వైపు తిరిగి. "మరి నాకీ ఏడాదిగా చప్పిడి తిండి ఎందుకు పెడుతున్నావే?"

అమ్మ నోరు తెరిచింది. "కడుపు బాగాలేదని... నేనే..."

"నీ చారు తిని తిని నాకు నాలికుందన్న సంగతే మర్చిపోయా. అన్నం సహించక కాదే నేను సగంలో చెయ్యి కడిగింది! ఇదిగో, ఇప్పుడు తగిలింది నోటికి." ఇంకొక చక్రం తీసుకుంది. "ఏమ్మా, నువ్వూ తీసుకో," అని కూరలమ్మే మనిషికి ఒకటి ఇచ్చింది. ఆమె కొరికి, దగ్గి, "బాగుందమ్మా, టీ ఉంటే ఇంకా బాగుంటది," అంది. నాయనమ్మ అమ్మను టీ తెమ్మంది. తర్వాత రోడ్డున పోతున్న వాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, "మా మనవడు చేశాడు, తిను," అని చేతిలో పెట్టి, వాళ్ళు కొరికేదాకా ఏమీ చెప్పకుండా, కొరికాక వాళ్ళ ముఖాలు చూసి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. చీకటి పడేసరికి పళ్ళెం ఖాళీ. మంచినీళ్ళ బిందె కూడా ఖాళీ.

ఆ రాత్రి ఆవిడ పప్పులో కారం వేయించుకుని రెండోసారి అన్నం పెట్టించుకుంది.

నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఇంజనీరింగు ప్రకారం అది లోపమున్న సరుకు. అమ్మను బతిమాలి ఇంకొక విడత దంచించి, కారం తగలని, గోధుమ తగలని, అన్ని విధాలా నిర్దోషమైన చక్రాలు చేశాను. నాయనమ్మ ఒకటి ముంచి, కొరికి, పక్కన పెట్టింది.

"చప్పగా ఏడ్చింది. పాత రాయి దగ్గరకే పో."

పోయాను. మరాయన నన్ను చూడగానే నూకలు సిద్ధం చేయబోయాడు. ఈసారి నూకలు వద్దన్నాను. ఆ తర్వాత ప్రతి విడతకూ నాయనమ్మ ఒక సవరణ చెప్పేది. పంచదార తగ్గించు. ఇంకా తగ్గించు. అసలు మానెయ్. ఉప్పెయ్. జీలకర్ర నలిపెయ్. పల్చగా చెయ్యి, కరకరలాడాల. నాలుగు కరివేపాకులు చించెయ్. ఇసుకలో ఎందుకురా ఇంతసేపు, నూనెలో వెయ్యకూడదా?

చివరి సవరణ అమలుచేసిన రోజున అమ్మ బూర్లెమూకుట్లోకి తొంగి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇయ్యి చెక్కలు కదంట్రా! వరిపిండి, కారం, ఉప్పు, జీలకర్ర. నేను పెళ్ళైన కాణ్ణుంచీ చేస్తున్నయ్యే! దీనికా నువ్వు నెలరోజులు నా వంటిల్లు తగలేసింది?"

నేను పదార్థాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను. ఆవిడ చెప్పింది నిజమే. తేడా ఏమైనా ఉందేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. తుమ్మబంక ఒకటి మిగిలింది.

నాయనమ్మ అప్పటికే గ్లాసు పట్టుకుని అరుగు మీదకు బయల్దేరింది. పిన్ని తన టీతో, తన మంచినీళ్ళ చెంబుతో అక్కడ కూర్చుని ఉంది.

"అత్తయ్యా, ఇయ్యి చెక్కలే," అని అమ్మ వెనక నుంచి కేకేసింది.

నాయనమ్మ గుమ్మంలో ఆగి, పళ్ళెంలోంచి ఒకటి తీసి, పసుపులో గులాబీ సుడి అమ్మకు కనపడేటట్టు పైకెత్తి పట్టుకుంది.

"చెక్కకి చక్రం ఉంటదంటే?" అంది. "బిస్కెట్టే ఇది."

తీసుకెళ్ళి టీలో ముంచింది.